వాడా నిషేధ జాబితా మీద టార్గెట్ ప్రెడిక్షన్: బెంగళూరు నుంచి ప్రాజెక్టు డైరీ

పని ఇదీ: వాడా (ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ) ఆటల్లో నిషేధించిన మందు పేరు ఇస్తే, దాని రసాయన నిర్మాణం ఒక్కటే చూసి, అది ఒంట్లో ఏ ప్రొటీన్‌ను పట్టుకుంటుందో, అంటే దాని టార్గెట్ ఏదో, కంప్యూటర్ చెప్పాలి. ఆధారం పాత సూత్రమే. నిర్మాణంలో దగ్గరగా ఉన్న అణువులు చాలాసార్లు ఒకే ప్రొటీన్‌కు అతుక్కుంటాయి. 2013లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ వాళ్లు ఈ పనే చేసి పేపర్ వేశారు కాబట్టి నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. మారతహళ్లిలో ఒక గదిలో, 16 జీబీ ర్యామ్ ఉన్న మామూలు ల్యాప్‌టాప్ మీద, ఉచితంగా దొరికే డేటాతో ఎక్కడిదాకా పోవచ్చు, ఎక్కడ ఇరుక్కుంటాం అన్నది రాసిపెడుతున్నాను. నాది బీఫార్మసీ, ఉద్యోగం మాత్రం డేటా వైపు. ఏ మందు వేసుకోవచ్చో దీన్ని చూసి తేల్చుకుందామనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి. దీంతో ఆ పని ఎందుకు కాదో దశ 8లో ఉంది.

దశ 1: జాబితాను కంప్యూటర్ తినేలా చేయడం

వాడా జాబితా ఏటా జనవరి 1 నుంచి కొత్తది అమల్లోకి వస్తుంది. అది క్రీడాకారుల కోసం, డాక్టర్ల కోసం రాసిన పత్రం. నేరుగా ప్రోగ్రాముకి ఇస్తే సగం పేర్ల దగ్గర తడబడుతుంది. ఎం1, ఎం2, ఎం3 తరగతులు అసలు మందులే కావు. రక్తం ఎక్కించుకోవడం, శాంపిల్ మార్చడం, జీన్ డోపింగ్ లాంటి పద్ధతులు అవి. మిగతా తరగతుల్లోంచి కొన్ని చొప్పున 60 పేర్లు తీసుకున్నాను. తర్వాత చేసింది:

1. పెద్ద ప్రొటీన్లు తీసేశాను. ఎర్ర రక్తకణాలను పెంచే హార్మోన్ ఈపీఓలో 165 అమైనో ఆమ్లాలుంటాయి, గ్రోత్ హార్మోన్‌లో 191. చిన్న అణువుల కోసం చేసిన ఫింగర్‌ప్రింట్ (అణువులో ఏ ముక్కలున్నాయో 0, 1 బిట్లుగా రాసే గుర్తు) పద్ధతి వీటికి సరిపడదు. ఇన్సులిన్, హెచ్‌సీజీ, ఐజీఎఫ్-1 కూడా పోయాయి. తీసినవి 5.

2. జెనాన్, కోబాల్ట్ తీసేశాను. జెనాన్ వాయువును వాడా 2014లో జాబితాలో చేర్చింది. అందులో ఉన్నది ఒకే ఒక్క పరమాణువు, ఫింగర్‌ప్రింట్‌లో వెలిగేది ఒకే ఒక్క బిట్. ప్రోగ్రాము దాని మీద ఎర్రర్ ఇవ్వలేదు, అదే ప్రమాదం. అన్ని టార్గెట్లకూ సున్నా స్కోరు వేసి, పట్టికలో మొదటి వరుసలో ఉన్న ప్రొటీన్‌నే జవాబుగా చూపించింది. స్కోరు సున్నా అయితే జవాబు ఖాళీగా ఉంచమని కోడ్‌లో అప్పుడే రాశాను. తీసినవి 2.

3. ఎస్టర్లను అసలు మందులో కలిపేశాను. టెస్టోస్టెరాన్ ఎనాంథేట్, సిపియోనేట్, అన్‌డెకనోయేట్, నాండ్రొలోన్ డెకనోయేట్, ఫెనైల్‌ప్రొపియోనేట్ సూదిమందులో నెమ్మదిగా విడుదల కావడానికి తోకలు తగిలించుకున్న రూపాలు. ఒంట్లోకి వెళ్లాక తోక తెగిపోతుంది. తోకతోనే ఇస్తే ఆ పొడవాటి కార్బన్ గొలుసు చూసి ప్రోగ్రాము కొవ్వు ఆమ్లాల ప్రొటీన్ల వైపు పరుగెత్తింది. కలిసిపోయినవి 5.

4. ఒకే మందుకు రెండు పేర్లున్నవి: అడ్రినలిన్ (ఎపినెఫ్రిన్), సాల్బుటమాల్ (ఆల్బుటెరాల్), మిథైల్‌హెక్సేనమైన్ (డీఎంఏఏ). తగ్గినవి 3.

5. హైడ్రోక్లోరైడ్ లాంటి ఉప్పు భాగాలు తీసేశాను. లెక్కలో మార్పు లేదు.

ఇప్పటిదాకా: 60 − 5 − 2 − 5 − 3 = 45. పోల్చి చూసుకోవడానికి నిషేధం లేని రెండు తెలిసిన మందులు, కెఫీన్, సెట్రిజిన్ కలిపాను. మొత్తం 47.

స్టానోజొలాల్ గురించి వేరే చెప్పాలి. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో పరుగు వీరుడు బెన్ జాన్సన్ పతకం పోగొట్టిన స్టెరాయిడ్ ఇదే. దీని చివర పైరజోల్ వలయం ఉంటుంది, ఆ వలయంలో రెండు నైట్రోజన్లు. హైడ్రోజన్ ఏ నైట్రోజన్ మీదైనా కూర్చోవచ్చు. మనిషికి రెండూ ఒకటే మందు, ఫింగర్‌ప్రింట్‌కు మాత్రం రెండు వేర్వేరు అణువులు. ఇలాంటి రూపాలను ఒకటిగా చేసే టాటొమర్ సర్దుబాటు ఆర్‌డీకిట్ అనే ఉచిత రసాయన సాఫ్ట్‌వేర్‌లో ఉంది, దాన్ని జాబితా మీదే కాదు, డేటాబేస్ మీద కూడా నడపాలి. అది బాగా నెమ్మది. రాత్రి వదిలేసి పడుకుంటే మధ్యలో కరెంటు పోయింది. 10,000 అణువుల ముక్కలుగా కోసి, ప్రతి ముక్క పూర్తవగానే ఫైల్‌గా దాచేలా మార్చాక పని నడిచింది.

దశ 2: డేటాబేస్, మెమరీ

డేటా కెంబ్ల్ నుంచి. ఇంగ్లండ్ హింక్‌స్టన్‌లోని యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ సంస్థ నడిపే ఉచిత డేటాబేస్ అది. 20 లక్షలకు పైగా అణువులుంటాయి. ఎస్‌క్యూలైట్ ఫైల్ దించుకుంటే విప్పాక 20 జీబీ దాటుతుంది, డిస్క్‌లో చోటు ముందే చూసుకోండి. మొదటి ఫిల్టర్లు ఇవి:

1. ఒంటరి ప్రొటీన్ టార్గెట్లు మాత్రమే, మనిషివి మాత్రమే.
2. కాన్ఫిడెన్స్ స్కోరు 9. అంటే ప్రయోగం నేరుగా ఆ ప్రొటీన్ మీదే జరిగింది.
3. పీకెంబ్ల్ విలువ (అణువు ప్రొటీన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 6, ఆ పైన. 6 అంటే 1 మైక్రోమోలార్, 5 అంటే 10 మైక్రోమోలార్. విలువ పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ.

రెండో దాన్నీ మూడో దాన్నీ తర్వాత మార్చాల్సి వచ్చింది. దశ 5 చూడండి.

ఫింగర్‌ప్రింట్: మోర్గన్, వ్యాసార్థం 2, 2048 బిట్లు. మామూలుగా నంపై (పైథాన్ లెక్కల లైబ్రరీ) శ్రేణిలో పెడితే ఒక్కో బిట్ 8 బైట్లు తింటుంది, అణువుకు 16,384 బైట్లు. 10 లక్షల అణువులకు 16 జీబీ పైనే. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. ఎస్పీ రోడ్డులో ర్యామ్ ధర అడిగి వచ్చాను, కొనలేదు. బిట్లను ప్యాక్ చేసి దాస్తే అణువుకు 256 బైట్లు చాలు, 10 లక్షలకు 256 ఎంబీ. 64 రెట్లు తగ్గింది. పోలిక లెక్కకు ఆర్‌డీకిట్ సొంత టానిమోటో ఫంక్షన్ (రెండు ఫింగర్‌ప్రింట్ల పోలికను 0 నుంచి 1 దాకా కొలిచేది) ఈ రూపంలోనే వేగంగా పనిచేస్తుంది. ఖర్చు: సున్నా రూపాయలు, మెట్రో టికెట్ తప్ప.

దశ 3: మొదటి స్కోరు, దాని బండారం

గెలుపు కొలత: మందు అసలు టార్గెట్ మొదటి ఐదు జవాబుల్లో ఉంటే ఒక మార్కు. అసలు టార్గెట్ ఏదన్నది కెంబ్ల్‌లోని మెకానిజం పట్టిక నుంచి తీసుకుని, ఫార్మకాలజీ పుస్తకంతో సరిచూశాను.

మొదటి రన్: 38/47. ఇంత బాగా వస్తే అనుమానించాలి. సాల్బుటమాల్‌కి అతి దగ్గరి అణువు ఏదని అడిగితే సాల్బుటమాల్ అని వచ్చింది, పోలిక 1.0. జవాబు పత్రాన్ని పక్కన పెట్టుకుని పరీక్ష రాసినట్టే. ఈ మందులన్నీ పాతవి, పేరున్నవి, డేటాబేస్‌లో ఇప్పటికే ఉన్నాయి.

తీసేయడంలో ఒక కిటుకు ఉంది. పేరుతో తీస్తే చాలదు, ఉప్పు రూపాలూ ఐసోటోప్ తగిలించిన రూపాలూ వేరే పేర్లతో మిగిలిపోతాయి. అణువు నిర్మాణానికి గుర్తింపు కోడ్ అయిన ఇన్‌చై కీలో మొదటి 14 అక్షరాలు పరమాణువుల అల్లికను మాత్రమే చెబుతాయి. ఉప్పు భాగం తీసేశాక ఆ 14 కలిసిన ప్రతి అణువునూ తీసేశాను. స్కోరు 26/47.

ఇంకా కఠినంగా, పోలిక 0.7 దాటినవన్నీ కూడా తీసేస్తే 17/47. రేపు ఎవరైనా కొత్త డిజైనర్ మందు తెస్తే ఈ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో చెప్పేది ఈ 17 మాత్రమే. ఇక నుంచి అన్ని స్కోర్లూ ఈ కఠిన పరీక్షవే.

దశ 4: ఎక్కడ చూసినా కార్బానిక్ అన్‌హైడ్రేజ్

ఎస్5 తరగతిలో మూత్రం ఎక్కువగా పోయించే మందులుంటాయి. బరువు తగ్గించుకోవడానికీ, వేరే మందు జాడ పలచబరచడానికీ వాడతారని నిషేధం. ఫ్యూరోసెమైడ్ ఇచ్చాను. జవాబు: కార్బానిక్ అన్‌హైడ్రేజ్ 2, 9, 12, 1. హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్ ఇచ్చినా అదే వరుస, అటూ ఇటూ. అసలు టార్గెట్లు ఎక్కడా లేవు. ఫ్యూరోసెమైడ్ పనిచేసేది కిడ్నీలో ఎన్‌కేసీసీ2 అనే ఉప్పు రవాణా ప్రొటీన్ మీద, థయజైడ్లు పనిచేసేది ఎన్‌సీసీ మీద.

తెరిచి చూస్తే విషయం ఇది. ఈ మందులన్నిట్లో సల్ఫోనమైడ్ ముక్క ఉంది. కార్బానిక్ అన్‌హైడ్రేజ్‌లోని జింకును పట్టుకునేది సరిగ్గా ఆ ముక్కే. దాన్ని పెట్టి రసాయన శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వేల కొద్దీ అణువులు చేసి పరీక్షించారు, అవన్నీ కెంబ్ల్‌లో ఉన్నాయి. ఉప్పు రవాణా ప్రొటీన్ల మీద ప్రయోగం కష్టం, డేటా గుప్పెడు.

ఇందులో తమాషా ఏమిటంటే కంప్యూటర్ చెప్పింది అబద్ధం కాదు. థయజైడ్లు పుట్టిందే కార్బానిక్ అన్‌హైడ్రేజ్ నిరోధకాల పరిశోధనలోంచి, 1950లలో. ఆ ఎంజైమును అవి కొంత అడ్డుకుంటాయి కూడా. కాకపోతే మందు పనిచేసేది అందువల్ల కాదు. ఫార్మకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్న కడప స్నేహితురాలికి ఈ పట్టిక చూపిస్తే ఒక్క చూపులో తేల్చేసింది: "నువ్వు చూస్తాండేది మందుని కాదు మే, ల్యాబుల్లో జనం దేనిమీద ఎక్కువ పని చేసినారో దాన్ని."

ట్రైమెటజిడిన్‌దీ ఇదే కథ. గుండె నొప్పికి మన దేశంలో మామూలుగా రాసే బిళ్ల ఇది. స్కేటర్ కమిలా వలియేవా కేసుతో 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో వార్తలకెక్కింది. మైటోకాండ్రియాలో కొవ్వును మండించే థయోలేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుందని చెబుతారు. నా పట్టికలో వచ్చినవి మాత్రం సెరటోనిన్, డోపమైన్ రిసెప్టర్లు. కారణం దానిలోని పిపరజిన్ వలయం. మెదడు మందుల మీద పనిచేసే ప్రతి ల్యాబూ ఏదో ఒక రోజు పిపరజిన్ తగిలించినదే.

మార్చింది:

1. కెంబ్ల్ నుంచి యాదృచ్ఛికంగా 1,000 అణువులు తీశాను.
2. ప్రతి టార్గెట్‌కూ ఆ వెయ్యి అణువుల స్కోర్ల సగటు, విచలనం లెక్కగట్టాను. ఎవరు వచ్చినా తలుపు తీసే టార్గెట్ ఏదో దీంతో తెలుస్తుంది.
3. మందు స్కోరులోంచి సగటు తీసేసి, విచలనంతో భాగించాను. వరుస ఈ కొత్త సంఖ్య ప్రకారం.

ఈ ఆలోచన నాది కాదు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఇంతకంటే పద్ధతిగా చేశారు. నా మోటు రూపంతోనే స్కోరు 17 నుంచి 22/47కి వచ్చింది. గుండె లయకు సంబంధించిన హెర్గ్ చానెల్ అంతకు ముందు సగం మందులకు తగులుకునేది, ఇప్పుడు కిందికి దిగింది. సల్ఫోనమైడ్లు మాత్రం కదల్లేదు. లేని డేటాను ఏ సగటూ తెచ్చిపెట్టలేదు.

దశ 5: కట్-ఆఫ్, ఎలుకలు

కెఫీన్ కట్-ఆఫ్ సంగతి బయటపెట్టింది. 2004 దాకా జాబితాలో ఉండి తీసేసిన పదార్థం అది. పనిచేసేది అడినోసిన్ రిసెప్టర్ల మీద అని అందరికీ తెలుసు. కానీ దాని పట్టు చాలా వదులు, మైక్రోమోలార్లలో ఉంటుంది. పీకెంబ్ల్ 6 దగ్గర గీత గీస్తే రోజూ మనల్ని నిద్రలేపే ఫిల్టర్ కాఫీ కాగితం మీద ఏ పనీ చేయనట్టే. మందు మోతాదు పెద్దదైతే వదులు పట్టు కూడా చాలు. గీతను 5కి దించాను.

రెండోది స్టెరాయిడ్ల సంగతి. ఆండ్రోజన్ రిసెప్టర్‌కి కొత్త సార్మ్‌లు, అంటే స్టెరాయిడ్ కాకపోయినా అదే రిసెప్టర్‌ను ఎంచుకుని పట్టుకునే ఆస్టరిన్ లాంటివి, తేలిగ్గా దొరుకుతున్నాయి, పాత స్టెరాయిడ్లు దొరకడం లేదు. వెతికితే పాత ప్రయోగాలు చాలా ఎలుక ప్రొస్టేట్ గ్రంథి నుంచి తీసిన రిసెప్టర్ మీద చేసినవని తేలింది. 'మనిషివి మాత్రమే' అన్న ఫిల్టర్ వాటిని ఊడ్చేసింది. ఆండ్రోజన్ రిసెప్టర్‌లో మందు అతుక్కునే భాగం ఎలుకకూ మనిషికీ ఒకటే, అమైనో ఆమ్లాల వరుసలో తేడా లేదు. కాబట్టి ఎలుక టార్గెట్లను వాటి మానవ జంటలకు కలిపాను. కాన్ఫిడెన్స్ స్కోరు 8 (వేరే జీవిలోని జంట ప్రొటీన్‌కు ఆపాదించినవి) కూడా ఒప్పుకున్నాను.

ఈ రెండు మార్పులతో స్కోరు 22 నుంచి 29/47.

ఇంకా కిందికి దించుదామా అంటే మెల్డోనియం ఉంది. 2016 జనవరి 1న నిషేధం మొదలైంది, అదే నెల ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో షరపోవా దొరికింది. కార్నిటిన్ తయారీలో చివరి మెట్టు ఎంజైమును అడ్డుకోవడం దీని పని. దాని పట్టు దాదాపు 62 మైక్రోమోలార్ అని ప్రచురణల్లో ఉంది, పీకెంబ్ల్ లెక్కలో 4.2. దీని కోసం గీతను 4కి దించి చూశాను. మెల్డోనియం దొరకలేదు, మిగతా మందులకు మాత్రం చెత్త జవాబులు వరదలా వచ్చాయి. మళ్లీ 5కే తెచ్చాను.

దశ 6: ఒకే అల్లిక, వేర్వేరు మందులు

టెస్టోస్టెరాన్, ఎపిటెస్టోస్టెరాన్ రెండిట్లోనూ అవే పరమాణువులు, అదే అల్లిక. 17వ కార్బన్ మీద ఉన్న ఓహెచ్ ఒకదానిలో పైకి, ఒకదానిలో కిందికి. అంతే తేడా. మొదటిది కండ పెంచుతుంది, రెండోది దాదాపు ఏమీ చేయదు. డోపింగ్ ల్యాబులు మూత్రంలో ఈ రెండిటి నిష్పత్తినే చూస్తాయి. 2005లో ఆ హద్దును 6 నుంచి 4కి తగ్గించారు. ఇంత ముఖ్యమైన తేడాను మోర్గన్ ఫింగర్‌ప్రింట్ డీఫాల్ట్‌లో చూడనే చూడదు: పోలిక 1.0. ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ కూడా 1.0. వాడా నియమాల్లో ఆ రెండిటికీ హద్దులు మిల్లీలీటరు మూత్రానికి 10, 150 మైక్రోగ్రాములు.

ఈ పైన, కింద తేడాను చూసే కైరాలిటీ ఆప్షన్ ఆన్ చేస్తే విడిపోయాయి. కానీ కెంబ్ల్‌లో చాలా అణువులకు పైన, కింద అనే సమాచారం పూర్తిగా లేదు. ఆ ఖాళీలతో పోల్చేసరికి స్టెరాయిడ్ల స్కోర్లు పడిపోయాయి. చివరికి వెతకడం డీఫాల్ట్‌తోనే ఉంచి, జవాబు పక్కన 'ఇదే అల్లికతో మరో రూపం ఉంది' అని హెచ్చరిక కాలమ్ పెట్టాను. స్కోరు అదే 29/47, పట్టిక చూసేవాడు మోసపోడు.

దశ 7: 'తెలియదు' అనే జవాబు

డీఎంఏఏ అనే మిథైల్‌హెక్సేనమైన్ మన వాళ్లకు కొత్త కాదు. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ గేమ్స్ ముందు మన క్రీడాకారులు కొందరు దీనితోనే దొరికారు. ఏడు కార్బన్లు, ఒక నైట్రోజన్, అంతే. ఫింగర్‌ప్రింట్‌లో 2048కి వెలిగిన బిట్లు 15. ఇంత తక్కువ సమాచారంతో ఏ రెండు బిట్లు కలిసినా పోలిక శాతం ఎగిరిపడుతుంది. యాంఫెటమైన్ వర్గానికీ కొంత ఇదే ఇబ్బంది.

నియమం పెట్టాను: దగ్గరి అణువు పోలిక 0.3 కన్నా తక్కువైనా, వెలిగిన బిట్లు 20 కన్నా తక్కువైనా జవాబు ఇవ్వకూడదు.

ఫలితం: 47లో 9 మందులకు జవాబు లేదు, మెల్డోనియం, డీఎంఏఏ అందులోనే. ఆ 9లో 8 ఇంతకు ముందు తప్పులే, ఒకటి ఒప్పు. మిగిలిన 38లో 28 సరైనవి, 10 తప్పు. మొత్తం స్కోరు ఒకటి తగ్గింది, అయినా నాకు ఈ పట్టికే ఇష్టం. ఆ పదిలో మూత్రం మందులూ ట్రైమెటజిడినూ ఉన్నాయి. వీటికి దగ్గరి చుట్టాలు బోలెడు కాబట్టి ప్రోగ్రాము ధీమాగా తప్పు చెబుతుంది. ఈ నియమం వాటిని ఆపలేదు.

దశ 8: టార్గెట్ దొరికాక తెలియనివి

తమ్ముడు కంఠీరవ స్టేడియంలో 400 మీటర్లు ప్రాక్టీస్ చేస్తాడు. పట్టిక చూసి అడిగింది ఒకటే: "అక్కా, ఇదంతా సరే గానీ, జలుబు మందు వేసుకోవచ్చా లేదా? నీ కంప్యూటర్ ఏమంటాంది?"

ఏమీ అనదు. ఎందుకంటే:

1. దిశ తెలియదు. సాల్బుటమాల్‌కూ ప్రొప్రనొలాల్‌కూ నా పట్టికలో బీటా-2 రిసెప్టరే వచ్చింది, రెండిటికీ మార్కు పడింది. మొదటిది దాన్ని రెచ్చగొడుతుంది, ఎస్3లో ఉంది. రెండోది దాన్ని మూసేస్తుంది, చేయి వణక్కుండా ఉండాల్సిన విలువిద్య, షూటింగ్ లాంటి ఆటల్లో మాత్రమే నిషేధం, పీ1లో ఉంది. ప్రయోగ రకాన్ని బట్టి డేటాను రెండుగా విడదీసి చూశాను. చిన్న టార్గెట్లకు చేతిలో ఏమీ మిగల్లేదు, ఆపేశాను.

2. మోతాదు తెలియదు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌తో 24 గంటల్లో 1,600 మైక్రోగ్రాముల వరకు అనుమతి ఉంది, 8 గంటల్లో 600 దాటకూడదు. మూత్రంలో హద్దు మిల్లీలీటరుకు 1,000 నానోగ్రాములు. అణుభారం 239తో భాగిస్తే దాదాపు 4.2 మైక్రోమోలార్. అది మూత్రంలో గాఢత, ఊపిరితిత్తిలోదీ కండరంలోదీ కాదు. నిర్మాణం చూసి ఈ అంకెలేవీ రావు.

3. జాబితా రాసేవాళ్లు టార్గెట్ ఒక్కటే చూడరు. ఆరోగ్యానికి ప్రమాదం, ఆట స్ఫూర్తి కూడా వాళ్ల కొలతలే.

తమ్ముడికి చెప్పింది మామూలు మాటే. సూడోఎఫెడ్రిన్ ఉన్న జలుబు మందు పోటీకి కనీసం 24 గంటల ముందే ఆపెయ్యి, సీసా మీద పేర్లు చదువు, అనుమానం ఉంటే టీమ్ డాక్టర్‌ని అడుగు.

హైజెనమైన్ దగ్గర మాత్రం పద్ధతి పనికొచ్చింది. తామర మొక్కలో కూడా ఉండే పదార్థం ఇది, సప్లిమెంట్లలో కనిపిస్తుంది, 2017 నుంచి జాబితాలో పేరుతో ఉంది. మొదటి రెండు జవాబులు డోపమైన్ రిసెప్టర్లు. వలయానికి పక్కపక్కనే రెండు ఓహెచ్‌లున్న అణువులన్నిటికీ అవే వస్తాయి. మూడోది బీటా-2. ఏ అణువు వల్ల వచ్చిందని చూస్తే ట్రెటోక్వినాల్ వర్గం, అది కూడా ఎస్3లో ఉన్న మందే. జవాబుతో పాటు దాన్ని తెచ్చిన మూడు దగ్గరి అణువుల పేర్లూ చూపించే కాలమ్ ఈ రన్ తర్వాతే పెట్టాను. పట్టికలో ఇప్పుడు నేను ముందు చదివేది దాన్నే.

మిగిలిన పని

1. ఎన్‌కేసీసీ2, ఎన్‌సీసీలకు పీకెంబ్ల్ విలువ లేని పాత ప్రయోగాలను చేత్తో ఏరి కలపాలి. ఫ్యూరోసెమైడ్, థయజైడ్లు మారతాయేమో చూడాలి.
2. వెయ్యి అణువుల నేపథ్యాన్ని, మందు సైజుకు దగ్గరగా ఉన్న అణువులతో మళ్లీ కట్టాలి. డీఎంఏఏ లాంటి వాటికి ఇప్పటి నేపథ్యం న్యాయం చేయదు.
3. ఒంట్లో ఈపీఓను పెంచే ఒకే కుటుంబం మందులు రాక్సాడుస్టాట్, డాప్రొడుస్టాట్, వాడాడుస్టాట్‌లను ఒకేసారి తీసేసి పరీక్షించాలి. ఇప్పుడు ఒకదాన్ని తీస్తే మిగతా రెండూ దాన్ని మోస్తున్నాయి, అందుకని వాటికి వచ్చిన మూడు మార్కుల మీద నాకు నమ్మకం లేదు.
4. డేటాబేస్ కొత్త వెర్షన్ వస్తే దశ 2 నుంచి అన్నీ మళ్లీ నడపాలి. టాటొమర్ ముక్కల్లో మారినవి మాత్రమే నడిపే స్క్రిప్ట్ సగంలో ఉంది.